సమూహానికి సొంత వెబ్‌సైటు: సాంకేతిక నేపథ్యం లేని నిర్వాహకులు తెలుసుకోవలసిన అంశాలు

2019 అక్టోబరులో యాహూ సంస్థ ఒక ప్రకటన వెలువరించింది. యాహూ గ్రూప్స్ వెబ్‌సైటులో అక్టోబరు 28 తరువాత కొత్తగా ఏదీ చేర్చడం సాధ్యం కాదని, అప్పటివరకు నిల్వ ఉన్న ఫైళ్లు, ఛాయాచిత్రాలు, పాత సందేశాలు డిసెంబరు 14 తరువాత తొలగిపోతాయని దాని సారాంశం. విమర్శలు రావడంతో, తమ సమాచారాన్ని దించుకోవడానికి ఇచ్చిన గడువును 2020 జనవరి 31 వరకు పొడిగించారు. 2020 డిసెంబరు 15న ఆ సేవ పూర్తిగా నిలిచిపోయింది. ప్రపంచవ్యాప్తంగా లక్షలాది బృందాలు దాదాపు రెండు దశాబ్దాలు జరిపిన సంభాషణలు ఆ విధంగా వెబ్ నుంచి కనుమరుగయ్యాయి. ‘రచ్చబండ’ వంటి తెలుగు సాహిత్య చర్చా బృందాలకు కూడా ఒకప్పుడు నెలవుగా ఉన్నది యాహూ గ్రూప్సే.

ఇది ఒంటరి సంఘటన కాదు. వ్యక్తిగత వెబ్ పేజీలకు పుట్టినిల్లుగా పేరుపొందిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. భారతదేశంలో విశేషాదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న నిలిచిపోయింది. సాధారణ వినియోగదారుల గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ముగిసింది. ఈ వేదికలను నడిపిన సంస్థలకు అవి వ్యాపార నిర్ణయాలు. వాటిని వాడుకున్న పూర్వ విద్యార్థి సంఘాలకు, గ్రామ సంక్షేమ సంఘాలకు, సాహితీ సంస్థలకు మాత్రం అవి ఉమ్మడి జ్ఞాపకాల నష్టం.

ఈ అనుభవాల నేపథ్యంలో చాలా సంఘాలు సొంత వెబ్‌సైటు వైపు చూస్తున్నాయి. ఇందుకు అవసరమైన సాఫ్ట్‌వేర్‌లో అత్యధిక భాగం ఉచితంగా లభిస్తోంది. దానిని సర్వర్‌పై అమర్చడం కూడా ఇప్పుడు గంటలోపు పని. అయితే అమర్చడం ఒక రోజు పని, నిలబెట్టడం ఏళ్ల తరబడి సాగే పని. సొంత వెబ్‌సైట్లు మూతపడటానికి సాఫ్ట్‌వేర్ లోపాల కన్నా నిర్వహణ లోపాలే తరచు కారణమవుతాయి. చిరునామా ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, నకలు ఎక్కడ ఉంది అనే మూడు ప్రశ్నలకు సమాధానం లేని వెబ్‌సైటు, పేరుకు సొంతమే అయినా, ఆచరణలో ఎవరిదీ కాదు.

నాలుగు భాగాలు

సమూహ వెబ్‌సైటును నాలుగు విడి భాగాలుగా అర్థం చేసుకుంటే సగం గందరగోళం తొలగిపోతుంది. గ్రామంలోని ఒక గ్రంథాలయాన్ని ఊహించుకోవచ్చు. గుమ్మంపై ఉన్న నామఫలకం డొమైన్ పేరు. అద్దెకు తీసుకున్న గది హోస్టింగ్. అల్మరాలు, పుస్తకాల అమరిక సాఫ్ట్‌వేర్. పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టరు సమాచారం, అనగా డేటా.

ఈ నాలుగింటిలో మొదటి మూడింటిని మార్చుకోవచ్చు. గది ఖాళీ చేయవలసి వస్తే మరో గది దొరుకుతుంది. అల్మరాలు పాతబడితే కొత్తవి చేయించవచ్చు. నామఫలకం పోయినా, కష్టంతోనైనా, మరో పేరుతో మొదలుపెట్టవచ్చు. పుస్తకాలు కాలిపోతే మాత్రం తిరిగి రావు. కనుక ఏ నిర్ణయం తీసుకునేటప్పుడైనా ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: ఇక్కడి నుంచి వెళ్లిపోవలసి వస్తే మన సమాచారాన్ని పూర్తిగా వెంట తీసుకువెళ్లగలమా?

అంతకన్నా ముందు మరో ప్రశ్న వేసుకోవాలి. నిజంగా వెబ్‌సైటు అవసరమా? కేవలం సమావేశాల కబురు పంపడానికైతే వాట్సాప్ బృందం చాలు. ఏళ్ల తరువాత కూడా వెదికి చదువుకోవలసిన సమాచారం, కొత్తవారికి కనిపించవలసిన చరిత్ర, సభ్యులు కలిసి కూర్చవలసిన జాబితాలు ఉన్నప్పుడే సొంత వెబ్‌సైటు శ్రమకు తగిన ఫలితం ఉంటుంది.

ఏ పనికి ఏ సాఫ్ట్‌వేర్?

వార్తలు, వ్యాసాలు, కార్యక్రమాల వివరాలు ప్రచురించడమే ముఖ్యమైతే వర్డ్‌ప్రెస్ సహజమైన ఎంపిక. మ్యాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి 2003 మే 27న దీనిని తొలిసారి విడుదల చేశారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీనిపైనే నడుస్తున్నాయని వెబ్ సాంకేతికతలను సర్వే చేసే డబ్ల్యూ3టెక్స్ లెక్కలు చెబుతున్నాయి. ఇంత విస్తృత వాడకం వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఒక స్వచ్ఛంద సేవకుడు తప్పుకున్నా, వర్డ్‌ప్రెస్ తెలిసిన మరొకరు దొరకడం కష్టం కాదు. సభ్యుల పరిచయ పుటలు, అంతర్గత బృందాలు కావాలనుకుంటే బడ్డీప్రెస్ అనే అనుబంధాన్ని చేర్చుకోవచ్చు.

సభ్యుల మధ్య చర్చలే ప్రధానమైతే డిస్కోర్స్, పీహెచ్‌పీబీబీ వంటివి అనుకూలం. పీహెచ్‌పీబీబీ 2000 నుంచి వాడుకలో ఉంది. సాధారణ హోస్టింగ్‌పైనా నడుస్తుంది. 2013లో వచ్చిన డిస్కోర్స్ ఆధునికమైనది, మొబైల్‌లో చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే దానికి కనీసం ఒక గిగాబైట్ మెమరీ ఉన్న ప్రత్యేక సర్వర్ కావాలి. చవకైన ఉమ్మడి హోస్టింగ్ దానికి సరిపోదు.

స్థల చరిత్ర, వంశవృక్షాలు, మాండలిక పదకోశం వంటి వాటిని పలువురు కలిసి దిద్దుతూ పెంచవలసి ఉంటే వికీ సాఫ్ట్‌వేర్ తగినది. వికీపీడియాను నడిపే మీడియావికీ ఉచితంగా లభిస్తుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా కూడా దీనిపైనే నడుస్తోంది. దీనిలో ప్రతి మార్పు చరిత్ర నమోదవుతుంది కాబట్టి ఎవరు ఏమి మార్చారో, ఎప్పుడు మార్చారో తెలుసుకుని పాత రూపాన్ని పునరుద్ధరించవచ్చు.

ఒకే వెబ్‌సైటులో అన్నీ ఉండాలన్న కోరిక సహజమే. కానీ ప్రతి కొత్త అనుబంధం నిర్వాహకుడు కనిపెట్టి ఉండవలసిన మరో కిటికీ వంటిది. అత్యవసరమైన ఒక్క పనితో మొదలుపెట్టి, అది నిలదొక్కుకున్న తరువాతే రెండవదానిని చేర్చడం క్షేమం.

ఎక్కడ నడపాలి? మూడు మార్గాలు

మొదటిది, నిర్వహణ సహిత హోస్టింగ్. సాఫ్ట్‌వేర్‌ను అమర్చడం, తాజాగా ఉంచడం, నకళ్లు తీయడం అన్నీ సేవా సంస్థే చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, డిస్కోర్స్ తయారీదారుల సొంత హోస్టింగ్ ఈ కోవలోనివి. సాంకేతిక నేపథ్యం లేనివారికి ఇది సులువైన మార్గం. ఖర్చు ఎక్కువ, స్వేచ్ఛ కొంత తక్కువ. ఇక్కడ వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ అనే రెండు పేర్ల మధ్య తేడా గమనించాలి. మొదటిది ఒక వాణిజ్య సంస్థ నడిపే హోస్టింగ్ సేవ. రెండవది ఎవరైనా దించుకుని ఎక్కడైనా నడుపుకోగల సాఫ్ట్‌వేర్ లభించే చోటు.

ఈ మార్గంలో ‘ఉచితం’ అనే మాటను జాగ్రత్తగా చదవాలి. ఎవరైనా సొంత సామాజిక వేదికను నిమిషాల్లో నిర్మించుకోవచ్చన్న హామీతో 2005లో ఆరంభమైన నింగ్ అనే సేవ, 2010 ఏప్రిల్‌లో ఉచిత వేదికలకు స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. రుసుము చెల్లించాలా, వేరే చోటు వెదుక్కోవాలా అన్నది వేలాది చిన్న సంఘాలు నెలల వ్యవధిలో తేల్చుకోవలసి వచ్చింది. అందువల్ల ధరలను పోల్చడానికి ముందే సమాచారాన్ని ఎగుమతి చేసుకునే సదుపాయం ఉన్నదో లేదో చూడాలి. ఆ ఎగుమతిలో వ్యాసాలతో పాటు చిత్రాలు, సభ్యుల జాబితా, వ్యాఖ్యలు కూడా వస్తాయో లేదో ప్రయోగాత్మకంగా తేల్చుకోవాలి.

రెండవది, ఉమ్మడి హోస్టింగ్. ఒకే సర్వర్‌ను అనేక వెబ్‌సైట్లు పంచుకుంటాయి. ఖర్చు సాధారణంగా నెలకు కొన్ని వందల రూపాయలలో ఉంటుంది. సీప్యానెల్ వంటి నియంత్రణ ఫలకం ద్వారా ఒక మీట నొక్కి వర్డ్‌ప్రెస్‌ను అమర్చుకోవచ్చు. ఆ తరువాతి నిర్వహణ మాత్రం సంఘం బాధ్యతే. తొలి ఏడాది ధరకు, పునరుద్ధరణ ధరకు పెద్ద వ్యత్యాసం ఉండటం ఈ రంగంలో సర్వసాధారణం. కనుక సంఘం బడ్జెట్‌లో రాయవలసినది రెండో ఏడాది ధర.

మూడవది, సొంత సర్వర్. మేఘ సేవా సంస్థల వద్ద వర్చువల్ సర్వర్‌ను అద్దెకు తీసుకుని అన్నీ స్వయంగా అమర్చుకోవడం. యూనోహోస్ట్, క్లౌడ్రాన్ వంటి సాధనాలు ఈ పనిని ఎంతో తేలిక చేశాయి. మొబైల్‌లో యాప్‌ను చేర్చినంత సులువుగా వాటిలో సాఫ్ట్‌వేర్‌ను చేర్చవచ్చు. ఐతే ఏదైనా చెడిపోయిన రోజున అర్ధరాత్రి మేల్కొనవలసిన వ్యక్తి ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అటువంటి వ్యక్తులు కనీసం ఇద్దరు లేని సంఘం ఈ మార్గాన్ని ఎంచుకోకపోవడమే మేలు.

డొమైన్ పేరు: సంఘం ఆస్తి

డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. నిర్ణీత కాలానికి నమోదు చేసుకుని, గడువు తీరేలోగా పునరుద్ధరించుకుంటూ ఉండాలి. డాట్ కామ్ వంటి వాటిని ఒకేసారి గరిష్ఠంగా 10 సంవత్సరాలకు నమోదు చేసుకోవచ్చు. డాట్ ఇన్ పేర్ల వ్యవస్థను భారత జాతీయ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ నిర్వహిస్తోంది. తెలుగు లిపిలోనే ఉండే డాట్ భారత్ పేర్లు కూడా ఆ సంస్థ పరిధిలోనివే. తెలుగు లిపి చిరునామా పేరు సంఘానికి గుర్తింపుగా బాగుంటుంది. అయితే కొన్ని ఈమెయిల్ వ్యవస్థలు, పాత సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ దానిని స్వీకరించవు. కాబట్టి ఆంగ్ల లిపి చిరునామాకు తోడుగా వాడుకోవడం ఆచరణీయం.

గడువు మరచిపోవడం చిన్నవారికే పరిమితమైన పొరపాటు కాదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ పాస్‌పోర్ట్ డాట్ కామ్ రుసుము చెల్లించడం మరచిపోవడంతో, దానిపై ఆధారపడిన హాట్‌మెయిల్ ఖాతాలు ఎందరికో తెరుచుకోలేదు. సంస్థతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన సొంత డబ్బు 35 డాలర్లు చెల్లించి సమస్యను తీర్చాడు. చిన్న సంఘాలకు అంతటి అదృష్టం దక్కకపోవచ్చు. డాట్ కామ్ వంటి పేర్లు రద్దయిన తరువాత 30 రోజులపాటు, అదనపు రుసుముతో, తిరిగి పొందే అవకాశం ఉంటుంది. ఆ గడువు కూడా దాటితే ఆ పేరును ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. అప్పటిదాకా సంఘం కరపత్రాల మీద, శిలాఫలకాల మీద ముద్రించుకున్న చిరునామాలో జూద ప్రకటనలు దర్శనమిచ్చే ప్రమాదం ఉంది.

ఆచరణలో తరచు జరిగేది ఇది. ఉత్సాహవంతుడైన ఒక యువ సభ్యుడు తన సొంత ఈమెయిల్‌తో, తన సొంత కార్డుతో డొమైన్‌ను నమోదు చేస్తాడు. కొన్నేళ్లకు అతడు ఉద్యోగరీత్యా దూరమవుతాడు, లేదా సంఘంతో విభేదిస్తాడు. కార్డు గడువు తీరుతుంది. హెచ్చరికలు ఎవరూ తెరవని ఈమెయిల్‌కు వెళుతుంటాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, అయినా పేరు చేజారుతుంది. నివారణ సులభమే. నమోదు సంఘం పేరున ఉండాలి. సంప్రదింపు ఈమెయిల్ వ్యక్తిది కాక పదవిది కావాలి. ఆ ఈమెయిల్ అదే డొమైన్‌పై ఆధారపడినది కాకూడదు, ఎందుకంటే డొమైన్ ఆగిన రోజున అదీ ఆగిపోతుంది. డొమైన్‌ను, హోస్టింగ్‌ను వేర్వేరు సంస్థల వద్ద ఉంచుకుంటే ఒకరితో పేచీ వచ్చినప్పుడు రెండూ చిక్కుకోవు.

అప్‌డేట్లను వాయిదా వేయరాదు

‘మా చిన్న వెబ్‌సైటుపై ఎవరు దాడి చేస్తారు?’ అన్నది తరచు వినిపించే మాట. దాడులలో అత్యధికం మనుషులు ఎంచి చేసేవి కావు. లోపం ఉన్న వెబ్‌సైట్ల కోసం యంత్రాలు నిరంతరం వెదుకుతూ ఉంటాయి. వాటికి చిన్నా పెద్దా తేడా లేదు.

దీనికి 2017 నాటి సంఘటన మంచి ఉదాహరణ. లాగిన్ కాకుండానే ఇతరుల పేజీలను మార్చగల లోపం వర్డ్‌ప్రెస్ 4.7లో బయటపడింది. జనవరి 26న సవరణను విడుదల చేసి, స్వయంచాలక అప్‌డేట్లు చేరడానికి వ్యవధి ఇచ్చి, ఆ తరువాతే లోపం వివరాలను ఫిబ్రవరి 1న ప్రకటించారు. ఆపై కొద్ది రోజులలోనే ప్రపంచవ్యాప్తంగా లక్షలాది పేజీల రాతలు చెరిగిపోయాయి. స్వయంచాలక అప్‌డేట్లను నిలిపివేసుకున్న వెబ్‌సైట్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. 2013లో వచ్చిన 3.7 నుంచి వర్డ్‌ప్రెస్‌లో చిన్న భద్రతా సవరణలు వాటంతట అవే చేరే ఏర్పాటు ఉంది. దానిని ఆపకుండా ఉంచడమే సాంకేతిక నేపథ్యం లేనివారు చేయగల అతి పెద్ద భద్రతా చర్య.

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది మూల సాఫ్ట్‌వేర్‌లో కాదు, ప్లగిన్లలో. చాలాకాలంగా తయారీదారు పట్టించుకోని ప్లగిన్‌ను తొలగించాలి. రుసుము చెల్లించవలసిన ప్లగిన్లను, థీమ్‌లను ఉచితంగా ఇస్తామనే చోట్ల నుంచి దించుకోరాదు, వాటిలో దొంగ దారులు దాగి ఉండటం మామూలే. నిర్వాహకుల ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేయాలి. ఒకే ఖాతాను నలుగురు పంచుకోకుండా, ప్రతి ఒక్కరికీ అవసరమైనంత అధికారంతో విడి ఖాతా ఇవ్వాలి. చిరునామా పక్కన తాళం గుర్తు కనిపించేలా చేసే భద్రతా పత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ 2015 చివరి నుంచి ఉచితంగా అందిస్తోంది. ఆ పత్రానికి కొద్ది వారాల కాలపరిమితి మాత్రమే ఉంటుంది కనుక దాని పునరుద్ధరణ తనంతట తానే జరిగేలా హోస్టింగ్ సంస్థ ఏర్పాటు చేసిందో లేదో అడిగి తెలుసుకోవాలి.

నకలు ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థకు చెందిన ఒక డేటా కేంద్రం అగ్నికి ఆహుతైంది. ఆ రోజు సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు అందుబాటులో లేకుండా పోయాయని నెట్‌క్రాఫ్ట్ సంస్థ అంచనా వేసింది. వాటిలో అనేకం మరో చోటు నుంచి తిరిగి నిలబడ్డాయి. కొందరి సమాచారం మాత్రం శాశ్వతంగా పోయింది. బ్యాకప్ సేవకు రుసుము చెల్లించినప్పటికీ, ఆ నకలు కూడా అదే భవనంలో ఉండటం వల్ల నష్టపోయిన ఒక ఖాతాదారుకు పరిహారం చెల్లించాలని 2023లో ఫ్రాన్స్‌లోని ఒక వాణిజ్య న్యాయస్థానం ఆదేశించింది. పరిహారం ఆదేశంతో పోయిన సమాచారం తిరిగి రాదు.

నిపుణులు సూచించే సూత్రం సరళమైనది. మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి, ఒకటి వేరే ఊరిలో ఉండాలి. సంఘానికి దీని అర్థం ఏమిటంటే: సర్వర్‌పై ఉన్నది ఒక ప్రతి, వేరొక సంస్థకు చెందిన మేఘ నిల్వలో ఒకటి, కార్యదర్శి ఇంట్లోని హార్డ్‌డిస్క్‌లో ఒకటి. నకలు తీసేటప్పుడు రెండు భాగాలూ ఉండాలి. ఒకటి రాతలు, సభ్యుల వివరాలు ఉండే డేటాబేస్. రెండవది చిత్రాలు, పత్రాలు ఉండే ఫైళ్లు. ఒకటి లేనిదే మరొకటి అసంపూర్ణం.

ఏడాదికి ఒకసారైనా ఆ నకలును వేరొక చోట తెరిచి, వెబ్‌సైటు మునుపటిలాగే నిలబడుతున్నదో లేదో పరీక్షించాలి. పరీక్షించని నకలును నకలుగా లెక్కించరాదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ బహిరంగ పేజీల ప్రతులను భద్రపరుస్తుంది. చివరి ఆధారంగా అది ఎంతో విలువైనది. కానీ లాగిన్ అయితేనే కనిపించే పేజీలు దానికి అందవు.

ఉత్తరాలు చేరకపోతే

వెబ్‌సైటు చక్కగా ఉన్నా, సభ్యులు చేరలేకపోతున్నారంటే తరచు కారణం ఈమెయిల్. కొత్త ఖాతా ధ్రువీకరణ, మరచిన పాస్‌వర్డ్ మార్పు రెండూ ఈమెయిల్ ద్వారానే జరుగుతాయి. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలను కఠినతరం చేశాయి. పంపినవారు నిజంగా ఆ డొమైన్‌కు చెందినవారేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ నమోదులు లేని ఉత్తరాలు స్పామ్‌లో పడవచ్చు, తిరస్కరణకూ గురికావచ్చు. సర్వర్ నుంచి నేరుగా పంపే బదులు ఈమెయిల్ చేరవేతకే ప్రత్యేకించిన సేవను అనుసంధానించి, అది చెప్పిన నమోదులను డొమైన్ పట్టికలో చేర్చడం ఇందుకు పరిష్కారం. ఇది ఒకసారి చేసే పని. తెలిసినవారి సహాయం తీసుకోవడానికి తగిన పని కూడా ఇదే.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు

ఆంగ్ల మార్గదర్శకాలలో కనిపించని కొన్ని సమస్యలు తెలుగు వెబ్‌సైట్లకు ఎదురవుతాయి.

మొదటిది, వెబ్‌సైటును ఒక సర్వర్ నుంచి మరొకదానికి మార్చినప్పుడు తెలుగు రాతలన్నీ ప్రశ్నార్థకాలుగానో, అర్థం లేని లాటిన్ గుర్తులుగానో మారిపోవడం. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లలో పశ్చిమ ఐరోపా భాషలకు ఉద్దేశించిన లాటిన్1 సంకేతీకరణ సహజ ఎంపికగా ఉండేది. 2018లో వచ్చిన 8.0 నుంచి అన్ని లిపులకూ సరిపడే యూటీఎఫ్8ఎంబీ4 సహజ ఎంపిక అయింది. పాతదాని నుంచి కొత్తదానికి మారేటప్పుడు రెండు వైపులా సంకేతీకరణ సరిపోలకపోతే అక్షరాలు చెడిపోతాయి. అర్థం లేని గుర్తులుగా మారినవాటిని కొన్నిసార్లు బాగుచేయవచ్చు. ప్రశ్నార్థకాలుగా నిల్వ అయిపోయినవి తిరిగి రావు. అందుకే వలస పూర్తయిన వెంటనే పాత హోస్టింగ్‌ను రద్దు చేయకుండా, కనీసం ఒక నెల ఉంచుకుని, పాత పేజీలను చదివి చూడాలి.

రెండవది, పేజీ చిరునామాల పొడవు. తెలుగులో ఒక్కొక్క అక్షర సంకేతం వెబ్ చిరునామాలోకి వెళ్లేటప్పుడు తొమ్మిది ఆంగ్ల గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి 200 గుర్తుల పరిమితి విధిస్తుంది. అంటే 22 తెలుగు సంకేతాలకు మించి పట్టవు. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడి సంకేతాలే కాబట్టి ‘ఆంధ్రప్రదేశ్’ అన్న ఒక్క మాటకే 12 ఖర్చవుతాయి. పొడవైన తెలుగు శీర్షికతో ప్రచురించిన పేజీల చిరునామాలు మధ్యలోనే తెగిపోతాయి. వాటిని వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తుల వరుసలా కనిపిస్తాయి. చిరునామా భాగాన్ని మాత్రం పొట్టిగా, ఆంగ్ల లిపిలో స్వయంగా రాసుకోవడం మంచిది.

మూడవది, అన్వేషణ. ‘వెబ్‌సైటు’ అని రాసేటప్పుడు బకార పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేరుస్తాము. అది లేకపోతే ‘వెబ్సైటు’ అవుతుంది. పాఠకుడికి రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం వేర్వేరు పదాలు. ఒక రూపంలో వెదికితే మరో రూపంలో రాసిన వ్యాసం దొరకకపోవచ్చు. నిర్వాహకులు ఒక వర్ణక్రమ పద్ధతిని ముందే నిర్ణయించుకుని, ప్రతి వ్యాసానికి విషయ సూచికలు జోడిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

నాలుగవది, పాత సంచికల సంగతి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు సొంత ఫాంట్లతో కూర్చిన రాతలు ఆ ఫాంట్ లేనిదే చదవడానికి రావు. అటువంటి వాటిని వెబ్‌సైటులో చేర్చే ముందే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్పిడి తరువాత ఒత్తులు, వత్తు రేఫలు సరిగా వచ్చాయో లేదో మనిషి కన్ను చూసి తీరాలి.

చట్టపరమైన బాధ్యత

సభ్యులు స్వయంగా రాయగలిగే వెబ్‌సైటు, సమాచార సాంకేతిక చట్టం 2000 దృష్టిలో ‘మధ్యవర్తి’ అవుతుంది. సభ్యులు రాసినదానికి నిర్వాహకులను బాధ్యులను చేయకుండా ఆ చట్టంలోని 79వ సెక్షన్ షరతులతో కూడిన రక్షణ కల్పిస్తోంది. న్యాయస్థానం ఉత్తర్వు లేదా ప్రభుత్వ నోటిఫికేషన్ అందిన తరువాత కూడా ఆ రాతను తొలగించకపోతే ఆ రక్షణ వర్తించదని శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు వివరించింది. 2021 నాటి నిబంధనల ప్రకారం వినియోగ నియమాలను ప్రచురించాలి, ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదింపు వివరాలు వెబ్‌సైటులో ఉంచాలి, అందిన ఫిర్యాదులను నిర్దేశిత గడువులోగా పరిష్కరించాలి.

సభ్యుల ఫోన్ నంబర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు సేకరించే సంఘాలు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023ను కూడా గమనించాలి. సేకరణకు సమ్మతి, సేకరించిన ప్రయోజనానికే వాడటం, అవసరం తీరాక తొలగించడం దాని మూల సూత్రాలు. 18 ఏళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అన్నిటికన్నా తేలికైన రక్షణ ఒకటుంది. అవసరం లేని వివరాన్ని అసలు అడగకపోవడం. మన దగ్గర లేని సమాచారం మన దగ్గర నుంచి చోరీ కాదు.

మొదలుపెట్టే ముందు

సంఘం కార్యవర్గ సమావేశంలో ఈ కింది అంశాలకు లిఖితపూర్వకంగా సమాధానాలు ఉంటే వెబ్‌సైటుకు పునాది గట్టిపడినట్లే.

1. డొమైన్ ఎవరి పేరున ఉంది? గడువు ఏ తేదీన తీరుతుంది? రుసుము ఏ ఖాతా నుంచి వెళుతుంది?

2. హోస్టింగ్, డొమైన్, నిర్వాహక ఖాతాల వివరాలు కనీసం ఇద్దరి వద్ద ఉన్నాయా? పదవి మారినప్పుడు పాస్‌వర్డ్‌లు మార్చే నియమం ఉందా?

3. నకలు ఎంత తరచుగా, ఎక్కడ నిల్వ అవుతోంది? చివరిసారి తెరిచి చూసినది ఎప్పుడు?

4. అప్‌డేట్లు వాటంతట అవే జరుగుతున్నాయా? నెలకొకసారి చూసే వ్యక్తి ఎవరు?

5. అభ్యంతరకర రాతలపై నిర్ణయం ఎవరిది? ఫిర్యాదుల అధికారి ఎవరు?

6. రేపు ఈ సేవ ఆగిపోతే, సమాచారమంతా ఏ రూపంలో చేతికి వస్తుంది?

7. ఒకరోజు వెబ్‌సైటును మూసివేయవలసి వస్తే, సభ్యులకు ఎంత ముందుగా తెలియజేస్తాము? భద్రపరచవలసినదాన్ని ఎక్కడికి చేరుస్తాము?

ఈ ప్రశ్నలలో ఏ ఒక్కదానికీ ప్రోగ్రామింగ్ పరిజ్ఞానం అక్కర్లేదు. సంఘం బ్యాంకు ఖాతాను, స్థలం దస్తావేజులను, మినిట్స్ పుస్తకాన్ని కాపాడే శ్రద్ధే ఇక్కడా కావలసింది. 1998లో ప్రారంభమైన తెలుగు వెబ్ పత్రిక ‘ఈమాట’ తొలినాటి సంచికలను ఈనాటికీ ఎవరైనా తెరిచి చదవవచ్చు. ఆ తరువాత వచ్చిన ఎన్నో పెద్ద వేదికలు ఈలోగా మాయమయ్యాయి. పుస్తకాలతో పాటు తాళం చెవిని కూడా ఒక తరం మరో తరానికి క్రమం తప్పక అందించిన చోటే గ్రంథాలయం నిలుస్తుంది. వెబ్‌సైటు విషయంలోనూ అంతే.